మా ఇంటి నత్త

ముందే చెప్పేస్తున్నాను, మా ఆడపడుచుకు పతకం రాలేదు. పతకం సంగతి కోసం చదివేవాళ్లు ఇక్కడితో ఆగిపోవచ్చు. ఆమె మెడలో నేను చూసిందల్లా ఆసుపత్రి లాండ్రీ వాళ్లిచ్చిన గుర్తింపు కార్డు ఒక్కటే. అయినా నేను ఎరిగిన మనుషుల్లో అంత గట్టి మనిషి ఇంకొకరు లేరు. ఒక వదిన ఆడపడుచును ఇంతగా నెత్తిన పెట్టుకోవడం ఎక్కడా చూడలేదని మా అత్తగారే ముక్కున వేలేసుకుంటారు. వేసుకోనివ్వండి.

ఇంట్లో అందరం ఆమెను నత్త అనే పిలుస్తాం. నేను కాపురానికి వచ్చేసరికే ఆ పేరు స్థిరపడిపోయింది. చిన్నప్పుడు బడిలో స్లో సైకిల్ పందెం పెట్టేవారట. కాలు కింద పెట్టకుండా అందరికంటే వెనక గీత దాటినవాళ్లదే గెలుపు. మిగతా పిల్లలు అటూ ఇటూ ఊగి, పడి, లేచి, దుమ్ము దులుపుకున్నాక కూడా ఈమె మైదానం మధ్యలో సీటు మీద కూర్చుని దిక్కులు చూస్తూ ఉండేదట. గెలిచావులేవే, ఇక దిగు, ఇళ్లకు పోవాలి అని మాస్టార్లే బతిమాలుకోవాల్సి వచ్చేదట. అలాంటి మనిషి పెద్దయ్యాక లోకంలోకెల్లా వేగంగా సైకిలు తొక్కే ఆడవాళ్లతో పోటీకి దిగింది. మా అత్తగారు ఇప్పటికీ నమ్మరు. ఎవరైనా అడిగితే, "ఏదో తొక్కుతుంది లెండి" అని మాట దాటేస్తారు.

మాది కింద కొట్టు, పైన ఇల్లు. కొట్టు మా ఆయనది, సైకిళ్లు బాగుచేసే కొట్టు. మెట్లెక్కుతుంటే రబ్బరు వాసన, గ్రీజు వాసన మనతోపాటే పైకి వస్తాయి. పైన రెండు గదులు. వెనక గదిలో నత్త మంచం, దాని పైన గోడకు ఆమె పందెం సైకిలు వేలాడుతూ ఉంటుంది. ఎప్పుడో అది నెత్తిన పడి చస్తావే అని అత్తగారు రోజుకోసారైనా అనేవారు. "అన్నయ్య కొట్టిన మేకు అమ్మా, పడదు" అని ఈమె అటు తిరిగి పడుకునేది.

మా ఆయన గురించి కూడా కాస్త చెప్పాలి. కొట్లో ఆయనకొక నియమం ఉంది. ఎవరి బండిలోంచి ఊడదీసింది వాళ్ల బండికే తిరిగి బిగించాలి. ఒకరి సామాను ఇంకొకరికి పోకూడదు, పాతది దాచుకుని నాసిరకంది అంటగట్టకూడదు. ఊడదీస్తారు, కిరోసిన్‌లో కడుగుతారు, గుడ్డతో తుడుస్తారు, మళ్లీ దాన్నే బిగిస్తారు. ఒక్కోసారి బండి తెచ్చినవాళ్లే కొత్తది వెయ్యమని చెప్పి వెళ్లినా ఈయన పాతదాన్నే మెరిసేలా తుడిచి బిగించి, "ఇంకా నడుస్తుంది లెండి" అంటారు. వాళ్లు నా దగ్గర మొత్తుకుంటారు. నేనేం చేస్తాను, ఆయన చేతులకు ఆ అలవాటు ఎముకల్లోకి దిగిపోయింది. నిజాయితీకి ఈ వీధిలో ఆయన పెట్టింది పేరు. ఆ నిజాయితీ ఒకరోజు మా కొంప ముంచింది. ఆ సంగతి దగ్గరికే వస్తున్నాను.

నత్తా నేనూ ఒకే చోట పనిచేస్తాం. ఆసుపత్రి అడుగు అంతస్తులో లాండ్రీ. మనిషి దూరేంత మూతులున్న ఉతుకు యంత్రాలు ఒక గోడ పొడుగునా ఉంటాయి. రెండో పక్క వేడి రోలర్లు, వాటి మధ్యలోంచి దుప్పట్లు చదునుగా నొక్కుకుని బయటికి వస్తాయి. చేత్తో పట్టుకుంటే వేళ్లు చురుక్కుమంటాయి. దుప్పటి మడత ఇద్దరి పని. రెండు కొసలు నావి, రెండు కొసలు తనవి. మిగతావాళ్లతో మడిచేటప్పుడు ఎటు, ఎటు అని అరుచుకోవాలి. నత్తతో ఆ బాధ లేదు. నేను ఎటు మడవబోతున్నానో నాకంటే ముందు తనకు తెలిసిపోతుంది. ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే రకం.

"ఎలా తెలుస్తుందే నీకు?" అని ఒకసారి అడిగాను.

"చెయ్యి కదిలేముందు భుజం కదుల్తుంది వదినా. భుజం కంటే ముందు మెడ. అందరికీ అంతే" అంది.

పొద్దున్నే స్టేడియంలో తొక్కి, తడి జుట్టుతోనే డ్యూటీకి వచ్చేది. మధ్యాహ్నం అందరూ కుర్చీల్లో కునికిపాట్లు పడుతుంటే తను మెట్లు ఎక్కి దిగుతుండేది. పెళ్లి మాట ఎవరైనా ఎత్తితే, "ముందు ఈ రౌండ్ అవనీ" అనేది. ఏళ్లు గడిచినా ఆ రౌండ్ అవలేదు. ఒక్కసారి కూడా నా దగ్గర అలిసిపోయానని అనలేదు. అలా అనని మనుషులంటే నాకు మామూలుగా ఒళ్లుమంట. ఈమె విషయంలో మాత్రం గౌరవమే కలిగింది, ఎందుకో నాకే తెలీదు.

ఇక ఆ పందెం సంగతి. చెక్కబల్లలు పరిచిన గుండ్రటి బాట, మలుపుల దగ్గర గోడలా పైకి లేచి ఉంటుంది. నడిచి ఎక్కబోతే జారిపడతాం. ఒకసారికి ఇద్దరే ఆడవాళ్లు. సైకిళ్లకు బ్రేకులుండవు, గేర్లుండవు. చక్రం తిరిగినంతసేపూ పెడళ్లు తిరుగుతూనే ఉంటాయి, కాళ్లకు విశ్రాంతి లేదు. మూడు చుట్లు తిరగాలి, ముందు గీత దాటిన మనిషి గెలిచినట్టు. చీటీలో లోపలి గీత వచ్చినామె ముందు పోవాలి, రెండో ఆమె వెనక. మూడింట్లో రెండుసార్లు గెలిస్తే పై రౌండుకు పోతారు.

మొదటిసారి చూసినప్పుడు నాకు ఒళ్లు మండింది. వేగం చూద్దామని వెళ్తే ఇద్దరూ నడకకంటే మెల్లగా పోతున్నారు. ముందున్నామె మెడ తిప్పి వెనక్కే చూస్తోంది. ఇద్దరు తోడికోడళ్లు గిన్నెలు ఎవరు తోముతారా అని ఒకరినొకరు చూసుకుంటున్నట్టుంది. తర్వాత మా ఆయన వివరించారు. ముందుపోయే మనిషి గాలిని చీల్చుకుంటూ పోవాలి, వెనకున్నామె ఆ చాటున సుఖంగా వచ్చి చివర్లో దాటేస్తుంది. అందుకే ఎవరూ ముందు పోవడానికి ఒప్పుకోరు. ఒక్కోసారి సైకిళ్లు ఆపేసి, కాలు కింద పెట్టకుండా నిలబడిపోతారు. ఆ తర్వాత ఉన్నట్టుండి ఇద్దరూ లేస్తారు చూడండి, రెప్ప వేసేలోపు అయిపోతుంది.

ఆ ఏడు ప్రపంచ పోటీలు మా ఊళ్లోనే జరిగాయి. నత్తకు అవి చివరివి. మోకాలు అరిగిపోయింది, ఇక చాలని డాక్టరు కుండబద్దలు కొట్టినట్టు చెప్పేశాడు. ఇన్నేళ్లలో ఎన్ని దేశాలు తిరిగినా ఎప్పుడూ మొదటి రౌండ్లలోనే ఇంటిముఖం పట్టింది. "చివరి నలుగురిలో ఒక్కసారి నిలబడితే చాలు వదినా, తర్వాత దుప్పట్లు మడుచుకుంటాను" అనేది. ఇంకేం కోరలేదు పాపం.

జట్టుకు వేరే మెకానిక్ ఉన్నాడు. అయినా తన బండి అన్నయ్యే చూడాలని పట్టుబట్టింది. కోచ్ మేడమ్ మంచిదే కానీ ముక్కు మీదే కోపం. "ఆయన ఏం చేసినా జవాబుదారీ నీదే" అని ఒప్పుకుంది. మంచినీళ్లూ తువ్వాలూ అందించే వంకతో నన్ను కూడా లోపలికి తీసుకుపోయారు. నా మెడలోనూ ఒక కార్డు వేశారు. దాని మీద నా హోదా ఏమని రాశారో నేను చదవలేదు, భయమేసింది.

నత్త చివరి ఎనిమిది మందిలోకి వచ్చింది. అక్కడ పోటీ పడాల్సింది పరదేశపు పొడుగమ్మాయితో. వయసులో నత్తకు మేనకోడలంత ఉంటుంది, తొడలు స్తంభాల్లా ఉన్నాయి.

మొదటి పందెంలో లోపలి గీత చీటీ నత్తకు వచ్చింది, ముందు పోవాలి. ముందుపోయి దూరం నుంచే వేగం పెంచుకుంటూ పోవాలంటే పెడళ్ల దగ్గరుండే పళ్ల చక్రం పెద్దది కావాలి. లేవడం బరువే కానీ ఒకసారి వేగం అందుకుంటే ఇక తగ్గదు. మా ఆయన పెద్దదే వేశారు. రెండో చుట్టులో నత్త మలుపు మీద బండి ఆపేసి నిలబడింది. వెనక పొడుగమ్మాయి కూడా ఆగింది. జనం ఈలలు వేశారు. ఈమె మాత్రం కిటికీలోంచి వీధి చూస్తున్నట్టు తాపీగా ఉంది. ఆ పిల్ల ముందు చక్రం ఇటూ అటూ కొట్టుకోవడం మొదలైంది. అది సర్దుకునేలోపు నత్త వెళ్లిపోయింది. తర్వాత ఆ పిల్ల ఎంత తొక్కినా అందలేదు. నేను తువ్వాలు గాల్లోకి విసిరి, మళ్లీ వెతుక్కున్నాను.

రెండో పందెంలో వరస తారుమారవుతుంది. ఈసారి నత్త వెనక పోవాలి. వెనకుండి ఒక్క ఊపున దాటాలంటే చిన్న చక్రం కావాలి, అది చటుక్కున లేస్తుంది. "అన్నయ్యా, చిన్నది వెయ్యి" అంది. సరే అన్నారు ఈయన. మధ్యలో ఎంతోసేపు లేదు. ఒకపక్క మైకులో పిలుస్తున్నారు, ఇంకోపక్క కోచ్ మేడమ్ తొందర. ఈయన బోల్టులు విప్పారు, చక్రం తీశారు, గుడ్డతో తుడిచారు, బిగించారు, చైను సరిచేశారు. నేను పక్కనే నిలబడి ఆయన చేతులవైపే చూస్తున్నాను. ఎంత చక్కగా చేస్తున్నారో అనుకున్నాను కూడా.

ఆ పందెం చూస్తుంటే ఏదో తేడాగా అనిపించింది. నత్త వెనకే ఉంది, అంతా అనుకున్నట్టే పోతోంది. చివరి చుట్టు గంట మోగింది. మలుపు పైనుంచి తను లేచింది. బండి లేవలేదు. గట్టిగానే తొక్కుతోంది, భుజాలు ఊగిపోతున్నాయి, అయినా ఆ చటుక్కున లేవడం రాలేదు. అది వేగం అందుకునేసరికి గీత వచ్చేసింది. పొడుగమ్మాయి చెయ్యెత్తింది.

నేను ఈయన వైపు తిరిగాను. ఆయన పందెం చూడటం లేదు. సామాను పెట్టె పక్కన పరిచిన గుడ్డ వైపు చూస్తున్నారు. దాని మీద చిన్న చక్రం తళతళలాడుతూ పడి ఉంది.

ఊడదీసి, తుడిచి, మళ్లీ దాన్నే బిగించారు. ఆ కంగారులో చేతులు కొట్లో ఉన్నామనుకున్నాయి. టైరు పేలితే పందెం మళ్లీ పెడతారు, మనం చేసుకున్న పొరపాటుకు పెట్టరు.

నత్త వచ్చి దిగింది. ఆమెకు మొదటి తొక్కుకే తెలిసిపోయిందట, తర్వాత చెప్పింది. కోచ్ మేడమ్ ఊగిపోతూ వచ్చింది.

"ఏమైంది నీకు? కాళ్లు నిద్రపోయాయా?"

"చక్రం మార్చొద్దని నేనే అన్నాను మేడమ్. నా లెక్క తప్పింది" అంది నత్త, కళ్లు ఆర్పకుండా.

"అబద్ధం మేడమ్" అన్నారు మా ఆయన. "చిన్నది వెయ్యమంది. నేనే పెద్దదాన్ని మళ్లీ బిగించాను."

"అన్నయ్యా, నువ్వు ఊరుకో."

"నువ్వు ఊరుకోవే. నా తప్పు నీ నెత్తిన వేసుకోమని నిన్నెవరడిగారు?"

"నా బండి, నా ఇష్టం."

ఎక్కడైనా అన్నాచెల్లెళ్లు తప్పు నీదంటే నీదని కొట్టుకుంటారు. వీళ్లు నాదంటే నాదని కొట్టుకుంటున్నారు, అదీ పరాయి దేశాలవాళ్లంతా చూస్తుండగా. భాష రాకపోయినా వాళ్లకు విషయం అర్థమైనట్టే ఉంది. కోచ్ మేడమ్ ఇద్దరినీ మార్చి మార్చి చూసి, జట్టు మెకానిక్‌ను పిలిచింది. నెరిసిన జుట్టు మనిషి, నెమ్మదస్థుడు. చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

మా ఆయన తనంతట తానే రెంచి ఆ మెకానిక్ వైపు చాచారు. కాపురానికి వచ్చిన ఇన్నేళ్లలో ఆయన రెంచి ఇంకొకరి చేతికివ్వడం నేను చూడలేదు. నాకు ఏడుపు పొంగుకొచ్చింది.

నత్త మధ్యలో చెయ్యి పెట్టి ఆ రెంచి తీసుకుంది.

"మేడమ్, ఒక్క మాట" అంది. "ఈయన మంచి మెకానిక్, కాదనను. కానీ ఇప్పుడు అన్నయ్య చేతిలోంచి ఇది వెళ్లిపోతే మళ్లీ రాదు. రేపట్నుంచి కొట్టు తెరవడు. ఆయన సంగతి నాకు తెలుసు."

"నీకు చివరి నలుగురిలోకి పోవాలనుందా, లేదా?"

"ఉంది. చాలా ఉంది."

"ఆ చేతులతో బిగించిన బండి మీద ఓడిపోతే?"

"ఏడుస్తాను. ఏడిస్తే పోతుంది కదా మేడమ్. కొట్టు మూతపడితే ఎలా పోతుంది?"

మేడమ్ "నీ ఖర్మ" అని అటు తిరిగింది. జట్టు మెకానిక్ మాత్రం ఒక పని చేశాడు, అందుకు నేనాయనకు ఎప్పటికీ దణ్ణం పెట్టుకుంటాను. మా ఆయనకు వీపు తిప్పి నిలబడి, అవతలి జట్టు సైకిళ్లు చూడసాగాడు.

చీటీ మళ్లీ తీశారు. ఈసారీ నత్త వెనకే. "చిన్నది అన్నయ్యా" అని రెంచి ఆయన చేతిలో పెట్టేసింది. పెట్టి, నా ముందు కుర్చీలో అటు తిరిగి కూర్చుంది.

"వదినా, జడ వదులైంది. కాస్త బిగించు."

ఏ పందెగత్తె అయినా ఎక్కేముందు బండిని ఒకసారి తడిమి చూసుకుంటుంది. చైను నొక్కి, పెడలు తిప్పి, చక్రం వైపు కన్నేసి కానీ ఎక్కదు. అందులోనూ ఇప్పుడే ఒకసారి దెబ్బతిన్న మనిషి. ఈమె బండికి వీపు పెట్టి కూర్చుని జడ వేయించుకుంటోంది. నా వేళ్లు పాయల్ని పట్టుకోలేకపోతున్నాయి. వెనకనుంచి బోల్టులు తిరిగే చప్పుడు వినిపిస్తోంది, ఆగుతోంది, మళ్లీ వినిపిస్తోంది. ఇక ఉండబట్టలేక వంగి చెవిలో అన్నాను.

"ఒక్కసారి చూసుకోవే. నీకు దణ్ణం పెడతాను."

"నేను చూస్తే, చూశానని ఆయన చూస్తాడు వదినా" అంది.

అంత మెల్లగా అంది, నాకొక్కదానికే వినిపించింది. జడ కొసకు రబ్బరు బ్యాండు వేసి, హెల్మెట్ చేతికిచ్చాను. తను లేచి, బండి తీసుకుని, కిందికి చూడకుండానే గీత దగ్గరికి నడిపించుకుపోయింది. అంతమంది మెకానిక్కులు, కోచ్‌లు, అందరూ ఆ చక్రం వైపే చూస్తున్నారు. చూడని మనిషి తనొక్కతే.

కోచ్ మేడమ్ వెనకనుంచి సీటు పట్టుకుంది. ఈల మోగింది. వదిలేసింది.

నేను ఆ పందెంలో సగం కళ్లు మూసుకునే ఉన్నాను, అబద్ధమెందుకు. మొదటి చుట్టు, రెండో చుట్టు, ఆ పిల్ల ముందు, ఈమె వెనక. ఆ పిల్ల ఈసారి ఎక్కడా ఆగలేదు. గంట మోగకముందే వేగం పెంచేసింది, దూరం పెరిగింది. అయిపోయిందనుకున్నాను. మా ఆయన బాట పక్కనున్న కమ్మీని రెండు చేతులా పట్టుకుని నిలబడ్డారు.

మలుపులో నత్త పైకి పోయింది. అంత ఎత్తునుంచి ఒక్కసారి కిందికి దూకి తొక్కింది. ఈసారి బండి లేచింది. నేను మాటల్లో చెప్పలేను, ఆ బండి ఆమె కిందనుంచి లేచింది. చివరి మలుపుకు ఆ పిల్ల వెనక చక్రం అందుకుంది, మలుపు దాటేసరికి పక్కకు వచ్చింది. గీత దగ్గర ఇద్దరూ చేతులు ముందుకు చాచి సైకిళ్లను విసిరారు. ఎవరు ముందో నాకు తెలీలేదు. ఎవరికీ తెలీలేదు. ఫోటో చూసి చెప్తామన్నారు.

ఆ కాసేపూ నేను నిలబడ్డానో కూర్చున్నానో గుర్తులేదు. పెద్ద తెర మీద రెండు టైర్లు కనిపించాయి. ఒకటి కాస్త ముందుంది, వెంట్రుకవాసి అంటారే, అంత. దాని కింద నత్త పేరు పడింది. నేను బావురుమన్నాను. పక్కనున్న పరాయిదేశపు ఆవిడెవరో నన్ను కౌగిలించుకుని తనూ ఏడ్చింది, ఎందుకో మరి.

మర్నాడు జరిగినవి కూడా చెప్పేస్తాను. ఆ తర్వాతి జోడీలో ఓడిపోయింది, మూడో స్థానం కోసం పెట్టిన దాంట్లోనూ ఓడిపోయింది. బండి బాగానే ఉంది, వాళ్లు ఇంకా బాగున్నారు, అంతే. నాలుగో మనిషిగా మిగిలింది. తనడిగింది అదే, తనకు దక్కింది. ఇప్పుడు హాయిగా దుప్పట్లు మడుస్తోంది.

కానీ నా కళ్లముందు నిలిచిపోయింది ఆ ఫోటో సాయంత్రమే. బ్రేకులు లేవు కదా, గెలిచాక కూడా ఆగడానికి చాలా చుట్లు తిరగాలి. తను తిరుగుతోంది, జనం లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నారు, కోచ్ మేడమ్ కోపమంతా మరిచిపోయి గీత మీదే ఎదురుచూస్తోంది. నేను మా ఆయన కోసం చూశాను. కమ్మీ దగ్గర లేరు. వెతుక్కుంటూ వెళ్తే లోపల సామాను పెట్టె దగ్గర చిన్న పీట మీద కూర్చుని ఉన్నారు. ముక్కు ఎర్రగా ఉంది. రెంచి ఎదురుగా గుడ్డ మీదుంది, ఆయన చేతులు ఒళ్లో ఉన్నాయి.

కాసేపటికి నత్త బండి నడిపించుకుంటూ వచ్చింది. అందరినీ తప్పించుకుని నేరుగా అక్కడికే వచ్చింది. బండిని ఆయన ముందు నిలబెట్టి, నేలమీద కూలబడింది. చెమట కారుతోంది, కాళ్లు అదురుతున్నాయి. ఆయన బండి వైపు చూశారు, చెల్లెలి వైపు చూశారు.

"రేపటికి ఏది వెయ్యను?" అన్నారు.

"పెద్దది."

"మళ్లీ చెప్పు."

"పెద్దది అన్నయ్యా."

అప్పుడు ఆయన రెంచి తీసుకున్నారు.